చలిగదిలో దాచిన ఫ్లాపీ

తొంభైల చివర గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పడిపోయినా, మళ్ళీ లేచి కూర్చుందంటే దానికి కారణం నేనే. నా చేత్తో తయారైన ఎమర్జెన్సీ ఫ్లాపీ లేని సంస్థ మా హైవేకి అటూ ఇటూ ఉండేది కాదు. హైదరాబాదు నుంచి ఇంజనీరు రైలెక్కేలోపు నా ఫ్లాపీ పని ముగించి, కాఫీ తాగి, ఇంటికి కూడా వెళ్ళిపోయేది.

ఈ మాటలు నేను పెళ్ళిళ్ళలో, భోజనాల బంతిలో చాలాసార్లు చెప్పినవే. ముందు విస్తరి ఉంటుంది కనక వినేవాడు మధ్యలో లేచి పోలేడు. కాగితం మీద ఆ సదుపాయం లేదు. అందుకని కాస్త తగ్గించి చెబుతాను. నేను తయారుచేసినవి మొత్తం మూడు ఫ్లాపీలు. ఒకటి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళింది. ఇంకొకటి పత్తి జిన్నింగు మిల్లుకి వెళ్ళింది, అక్కడి గుమాస్తా దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకునేవాడు. మూడోదాన్ని ఎవరూ అడగలేదు, నా దగ్గరే ఉండిపోయింది. హైవేకి అటూ ఇటూ అన్న మాట మటుకు అబద్ధం కాదు. కోల్డ్ స్టోరేజీ అటు, మిల్లు ఇటు.

అంతకుముందు నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయరూ హయ్యరూ నా దగ్గర పాసైనవాళ్ళు ఊళ్ళో ప్రతి ఆఫీసులోనూ కూర్చుని ఉండేవారు. కంప్యూటర్లు వచ్చి నా మెషీన్లని పాత ఇనపసామాను బండి ఎక్కించాక నేను బోర్డు మార్పించాను. బోర్డు మార్చడానికి పెయింటరు ఒక పూట తీసుకున్నాడు. కంప్యూటర్ నేర్చుకోవడానికి నేను అంతసేపు కూడా తీసుకోలేదు.

నా భాగస్వామి ఒక భాయ్. మా వీధి మొగలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసుకునేవాడు, నేనే వెళ్ళి లాక్కొచ్చాను. మా పొత్తు చాలా న్యాయమైనది. స్క్రూడ్రైవరు ఆయనది, ఇంగ్లీషు నాది. కస్టమరు వస్తే నేను మాట్లాడేవాణ్ణి, ఆయన బాగుచేసేవాడు, చివర్లో ఎలా బాగుచేశామో మళ్ళీ నేనే చెప్పేవాణ్ణి. మా వైపు కంప్యూటర్లకి వచ్చే జబ్బులు కూడా రెండే. మిల్లుల్లో మెషీన్ మూత తీస్తే లోపలి ఫ్యానుకి దూది పరుపు కుట్టి ఉండేది. మిర్చి గోడౌన్లలో మూత తీస్తే భాయ్ ముందు కడుపారా తుమ్మి, కళ్ళు తుడుచుకుని, ఆ తర్వాతే జబ్బేమిటో చూసేవాడు. ఈ రెండిటికీ మందు సైకిలు పంపుతో గాలి కొట్టడమే. దీన్ని నేను బిల్లులో ‘జనరల్ సర్వీసింగ్’ అని రాసేవాణ్ణి.

కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి నా పాత శిష్యురాలే. భర్త పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర పనిచేస్తూ ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. అత్తగారు, ఇద్దరు పిల్లలు, అద్దె కొంప. బట్టీలు నడిచిన నెల ఆయన డబ్బులు వచ్చేవి, నడవని నెల ఆయనొక్కడే వచ్చేవాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ అమ్మాయి జీతం మీదే.

మిర్చి గోడౌను సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఎండాకాలంలో రైతులు కాయని టిక్కీలకెత్తి, అంటే గోనె బస్తాల్లో కూరి కుట్టి, తెచ్చి చలిగదుల్లో పెడతారు. ధర వచ్చినప్పుడు వచ్చి తీసుకెళతారు. ఎవరి బస్తాలు ఏ గదిలో, ఏ అంతస్తులో, ఏ వరసలో ఉన్నాయో తెలిస్తే పని ఇట్టే అయిపోతుంది. తెలియకపోతే బస్తాలు మోసే ముఠా కూలీలు ఆ చలిలో తలగుడ్డలు చుట్టుకుని, కొండంత బస్తాల మధ్య ఒకడి పేరు కోసం వెతుక్కోవాలి. ఈ అమ్మాయి ఆ వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానంది. ఓనరు గారు వద్దన్నాడు. ఆమె ఒక సీజనంతా వెంటపడింది. చివరికి ఆయన ఒప్పుకున్నాడు, కాకపోతే ఒప్పుకున్న తీరు ఇది:

“సరేనమ్మాయ్, నీ మాట మీద లెక్కల పుస్తకాలు ఆపేయిస్తున్నా. కానీ రైతు వాకిట్లో నిలబడున్నప్పుడు నీ పెట్టె ఆగిందనుకో, దాంతోపాటు నువ్వూ ఆగుతావు. ఇంక నన్ను బతిమాలొద్దు.”

ఉత్తినే అనే మనిషి కాదు. గేటు దగ్గర నిద్రపోతే పంపించేస్తానని వాచ్‌మన్‌తో ఒకసారి అన్నాడట. నిద్రపోయిన రోజున ఆ వాచ్‌మన్‌ని తనే లేపి, తన స్కూటరు మీదే ఎక్కించుకెళ్ళి బస్టాండులో దింపి వచ్చాడు. కోపం కూడా పడలేదట. కోపపడే ఓనరుతో వేగొచ్చు, ఇలాంటివాళ్ళతోనే కష్టం.

అందుకని ఒకరోజు డ్యూటీ దిగి ఆ అమ్మాయి తిన్నగా మా షాపుకి వచ్చింది.

“మాస్టారండీ, పొద్దున్నే మెషీన్ లేవకపోతే నా అంతట నేనే లేపుకునేట్టు ఒక ఫ్లాపీ చేసివ్వండి. మీకు ఫోన్ చేసి, మీరు స్కూటరు తీసి, వచ్చేదాకా ఆయన ఆగరు.”

ఎమర్జెన్సీ ఫ్లాపీ అంటే మరేం లేదు. కంప్యూటర్ లోపలి డిస్కు లేవనని మొండికేస్తే, ఈ ఫ్లాపీ పెట్టి మెషీన్ని బయటినుంచి లేపుతాం. లేపాక లోపల ఏమైందో చూడ్డానికీ, బాగుచెయ్యడానికీ పనిముట్లు కూడా అందులోనే ఉండాలి. చిక్కల్లా జాగాతోనే. ఫ్లాపీలో పట్టేది ఒకటిన్నర మెగాబైటు కూడా కాదు. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో పిల్లిని ఫోటో తీస్తే ఆ పిల్లి మూతి కూడా పట్టదందులో. అంత అగ్గిపెట్టెలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది తేలడానికి మాకు కొన్ని సాయంత్రాలు పట్టింది. ఇంట్లో పెళ్ళి సంబంధాలు ఇంతకంటే తొందరగా తేలాయి.

నా సిద్ధాంతం తేలికైనది. నాకు పేరు తెలిసిన ప్రతి పనిముట్టూ ఉండాలి.

“ముందు ఫార్మాట్ పెట్టు భాయ్,” అన్నాను.

“ఎందుకు మాస్టారూ?”

“డిస్కు బొత్తిగా పాడైందనుకో, మొత్తం తుడిచేసి కొత్తగా మొదలెట్టొచ్చు.”

“తుడిచాక అమ్మాయి దగ్గర ఏం మిగులుద్ది?”

“శుభ్రమైన డిస్కు.”

“మరి బస్తాలు?”

నేను గొంతు సవరించుకుని, ఆపరేషన్‌కి వెళ్ళే డాక్టరు కత్తి లేకుండా వెళతాడా అని అడిగాను. భాయ్ తన సంచి తెరిచి తన ఫ్లాపీల డబ్బా చూపించాడు. “మన కత్తి మన దగ్గరుంది కదా మాస్టారూ. ఇప్పుడు చేసేది రోగి ఇంట్లో పెట్టే డబ్బా. అందులో కత్తెందుకు?”

అంతదాకా స్టూలు మీద కూర్చుని వింటున్న అమ్మాయి అప్పుడు అడిగింది. “ఈ ఫార్మాట్ పొరపాటున నొక్కితే ఏం పోతుందండీ?”

అదేం చేస్తుందో, ఎలా చేస్తుందో, ఎంత గొప్పగా చేస్తుందో నేను మొదలెట్టాను.

“ఏం చేస్తుందని కాదండీ. నేను కంగారులో నొక్కితే ఏం పోతుంది?”

“అన్నీ పోతాయి,” అన్నాడు భాయ్.

“అయితే వద్దండీ. మా అమ్మగారి ఊళ్ళో పత్తి పురుగుమందు డబ్బా ఇంట్లో మంచం కింద పెట్టరు. చావిట్లో దూలానికి కట్టేస్తారు. దాంతో పని లేక కాదు కదా. మనసు బాగోనప్పుడు చెయ్యి దానిమీద పడకూడదని.”

ఆ ఏళ్ళలో మా వైపు పత్తి మందు డబ్బా గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడేవాళ్ళు కాదు. ప్రతి ఊళ్ళోనూ ఒక ఇల్లుండేది, దాని ముందు నుంచి వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించేవాళ్ళం. ఫార్మాట్ పోయింది. దాని వెనకే డిస్కుని ముక్కలుగా పంచే ఎఫ్‌డిస్క్ కూడా పోయింది. ఇంగ్లీషు నాదే అయినా ఆ సాయంత్రం నుంచి మా ముగ్గురిలో పరీక్ష పెట్టేది ఆ అమ్మాయే. ప్రతి పనిముట్టూ ఆమె ముందు నిలబడి ‘నన్ను నొక్కితే ఏం పోతుంది’ అన్నదానికి జవాబు చెప్పుకోవాల్సిందే.

స్కాన్‌డిస్క్ దగ్గర గొడవ పెద్దదైంది. డిస్కులో ఎక్కడెక్కడ దెబ్బతిందో వెతికి సరిచేసే పనిముట్టది.

“సరిచేసే ముందు అడుగుతుందాండీ?”

“అడుగుతుంది.”

“ఏం అడుగుతుంది?”

నేను ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. చెప్పాక నాకే అర్థం కాలేదు. పోయిన గొలుసుల ముక్కలని ఫైళ్ళుగా మార్చమంటావా అన్నట్టు వచ్చింది.

“నాకు గొలుసులే లేవండీ,” అందామె.

భాయ్ మధ్యేమార్గం చెప్పాడు. చూడ్డం మటుకే చేసి, దేన్నీ ముట్టుకోకుండా ఊరుకునేట్టు దాన్ని కట్టేశాడు. చూసి, బాగుందో లేదో చెప్పి తప్పుకుంటుంది. మా బంధువుల్లో డాక్టర్లు చేసేదీ అదే.

సిస్ అనేది నెగ్గింది. కంప్యూటర్ లేవడానికి కావలసిన మొదటి ఫైళ్ళు చెడిపోతే కొత్తవి తెచ్చిపెట్టే పనిముట్టది. బస్తాల వివరాల జోలికి పోదు. కాపీ చెయ్యడమనేది మెషీన్ని నడిపే డాస్‌లోనే పుట్టుకతో ఉంటుంది కనక దానికి విడిగా చోటక్కర్లేదు. ఎడిట్ పెడదామన్నాను. ఉత్తరాలు రాసుకునే తీరిక నాకు అప్పుడుండదండీ అంది అమ్మాయి. సీడీ డ్రైవరు పెడదామన్నాను. ఆ మెషీన్‌కి సీడీ డ్రైవే లేదన్నాడు భాయ్. ముందు ముందు కొనొచ్చు కదా అన్నాను.

“పెళ్ళిచూపులకెళ్తా పుట్టబోయే పిల్లలకి చొక్కాలు పట్టుకెళ్తామా మాస్టారూ?” అన్నాడు.

వైరస్‌లని పట్టేది బాగా పెద్దది, దానికోసం రెండో ఫ్లాపీ కావాలి. అమ్మాయి చెయ్యి అడ్డంగా ఊపింది. “రెండొద్దండీ. రెండుంటే ఏది ముందు పెట్టాలా అని నిలబడిపోతాను.” భాయ్ ఫ్లాపీ మూలనున్న చిన్న తలుపు జరిపాడు. అది జరిపితే ఫ్లాపీలోంచి చదవగలం తప్ప దానిమీద ఎవరూ రాయలేరు, వైరస్ కూడా. రెండో ఫ్లాపీ పని గోటితో అయిపోయింది.

ఇన్ని తీసేశాక చూస్తే ఫ్లాపీలో సగానికి పైగా బీడు. బీడు కనబడితే మా జిల్లాల్లో ఎవరూ ఊరుకోరు, నేనూ ఊరుకోలేదు. ఫ్లాపీ పెట్టగానే తెర నిండా చుక్కలతో ఒక తోరణం, దాని కింద మా షాపు పేరు, నా పేరు, నా డిగ్రీ, వెనకాల కంప్యూటర్ స్పీకరు మీద పెళ్ళి మేళంలాంటి ఒక బీప్ బీప్ పాట పెట్టాను. నిజం చెప్పాలంటే మొత్తం ఫ్లాపీలో నా సొంత కష్టార్జితం ఇదొక్కటే. మిగతా పనంతా భాయ్‌ది. పెళ్ళిళ్ళలో చెప్పేటప్పుడు ఈ వివరం ఎందుకో జారిపోయేది.

“ఇదేం పని చేస్తది మాస్టారూ?” అన్నాడు భాయ్.

“మన పేరు చెబుతుంది.”

“మెషీన్ చచ్చిపడున్నప్పుడా మన పేరు చెప్పేది?”

నేను అమ్మాయి వైపు చూశాను. ఆమె ఎప్పటి ప్రశ్నే వేసింది. “ఇది వస్తే ఏమన్నా పోతుందాండీ?”

“ఏమీ పోదమ్మా.”

“అయితే ఉండనివ్వండి భాయ్, మాస్టారి ముచ్చట.”

పరీక్షలో ఇంత తేలిగ్గా నెగ్గింది అదొక్కటే. ఏ పనీ చెయ్యనిదానివల్ల ఏమీ పోదు మరి.

చివరి సాయంత్రం రిహార్సల్ పెట్టాం. భాయ్ మెషీన్ లోపలి వైరు ఒకటి పీకి, ఇప్పుడు లేపమన్నాడు. ఆమె ఫ్లాపీ పెట్టింది, పాట వచ్చింది, తర్వాత నల్లటి తెర మీద ఏ అనే ఇంగ్లీషు అక్షరం, మిణుకుమిణుకుమనే గీత వచ్చి ఆగాయి. ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. లోయరూ హయ్యరూ ఫస్టుక్లాసులో పాసైన చేతులవి. అది చూసి భాయ్ ఒకటి నొక్కితే పరీక్ష, రెండు నొక్కితే మొదటి ఫైళ్ళు, మూడు నొక్కితే బస్తాల వివరాల నకలు, ఇంతే ఉండేట్టు మెనూ చేశాడు. వైరు మళ్ళీ తగిలించాక ఆమె మూడూ నొక్కి చూసుకుని, ఫ్లాపీని రుమాల్లో చుట్టుకుని వెళ్ళింది.

మర్నాడు ఓనరు గారు ఫోన్ చేశాడు. “ఏం మాస్టారూ, ఇది అంత ముఖ్యమైందా?”

ఇలాంటి ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబివ్వడం నాకు చేతకాదు. ఎండ తగలకూడదన్నాను. దుమ్ము పడకూడదన్నాను. వేడికి అసలే ఆగదు, చల్లటి చోట భద్రంగా దాచాలి అన్నాను.

“చల్లటి చోటా? ఇంక నాకొదిలెయ్,” అన్నాడు.

మా వైపు కోల్డ్ స్టోరేజీ ఉన్న ఇంట్లో ఏ వస్తువుకీ వేరే చోటు వెతకరు. ఆయన ఇంటి చింతపండు, కందిపప్పు, బెల్లం, వియ్యాలవారికి పంపాల్సిన ధనియాలు, అన్నీ ఒకటో చలిగదిలో ఒక మూల ఉండేవి. చెడిపోకూడనిదేదైనా అక్కడికే. ఫ్లాపీ కూడా అక్కడికే వెళ్ళింది, చింతపండు మూట పక్కన, ప్లాస్టిక్ కవర్లో. నా టేబుల్ సొరుగులో ఉంచుతానండీ అని అమ్మాయి అంటే, సొరుగులో ఎలకలు కొట్టేస్తాయని ఆయన ఒప్పుకోలేదు. ఎలకల సంగతి ఆయనకి బాగా తెలుసు. ఫ్లాపీ సంగతి నాకు బాగా తెలుసని ఆయన నమ్మకం.

ఆ తర్వాత కొన్ని నెలలు మెషీన్ బాగానే నడిచింది. లేవనిది రోహిణి కార్తెలో, సరిగ్గా మిర్చి ధర ఎగిరి రైతులందరూ ఒక్కసారే గేటు ముందు ట్రాక్టర్లు పెట్టిన రోజున.

షాపుకి ఫోన్ వచ్చింది. “మాస్టారండీ, లేవట్లేదు. డిస్కు సరైంది కాదు, మార్చి ఏదో ఒకటి నొక్కమంటోంది. నొక్కనాండీ?”

“ఏదీ నొక్కొద్దు. ఏదీ ముట్టుకోవద్దు. కుర్చీలోంచి కదలొద్దు. వచ్చేస్తున్నాం.”

స్కూటరు మీద గాలిలా వెళ్ళానని పెళ్ళిళ్ళలో చెబుతాను. నడిపింది భాయ్, నేను వెనక సంచి పట్టుకుని కూర్చున్నాను. సంచిలో ఉన్న స్క్రూడ్రైవర్లు రేడియోలవి. ఫ్లాపీల డబ్బా హడావిడిలో షాపులోనే ఉండిపోయింది.

షెడ్డు కింద రైతులు తలగుడ్డలతో విసురుకుంటూ నిలబడి ఉన్నారు. మేం దిగడం చూసి ఒకాయన, “ఏందయ్యా, పెట్టెకి జొరమంటగా,” అన్నాడు.

“డాక్టర్లు ఇద్దరొచ్చార్లే మావా,” అన్నాడు పక్కాయన. “ఇంక బతకదు.”

ఆఫీసు గదిలో ఓనరు గారు నిలబడి ఉన్నాడు. ఆయన మెషీన్ని చూడటం లేదు, ఆ అమ్మాయిని చూస్తున్నాడు. ఆమె నేను చెప్పినట్టే కుర్చీలోంచి కదలకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

“ఫ్లాపీ ఏదమ్మా?” అన్నాను.

“తెస్తన్నారండీ,” అంది, చలిగది వైపు చూపిస్తూ.

ముఠా మేస్త్రి దాన్ని కవర్లోంచి తీసి నా చేతిలో పెట్టాడు. ఎముకలు కొరికే చలిలోంచి ఆ ఎండలోకి వచ్చేసరికి దానికి కొత్త కుండకి పట్టినట్టు చెమటలు పట్టాయి. లోపలి పొర మీద కూడా తడే. భాయ్ చూసి పెదవి విరిచాడు. తడి ఫ్లాపీ పెడితే అదీ పోద్ది, డ్రైవూ పోద్ది అన్నాడు.

“ఎండలో పడేస్తే నిమిషంలో ఆరిద్ది,” అన్నాడు మేస్త్రి. ఆయన జన్మంతా తడిసిన కాయని కళ్ళంలో ఆరబోసినవాడు. ఫ్లాపీ పట్టుకుని బయటికి బయల్దేరాడు కూడా. ఎండకి వంకరపోతుందని నేను వెనకాల పరిగెత్తి లాక్కొచ్చాను. దాన్ని ఫ్యాను కింద అట్ట మీద పెట్టి అందరం చుట్టూ నిలబడ్డాం. చల్లగా దాచమన్న మహానుభావుడెవరో ఆ గదిలో ఎవరికీ గుర్తు రాకూడదని నేను నా ఇష్టదైవాన్ని తలుచుకున్నాను. ఓనరు గారు రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆ అమ్మాయినే చూశాడు.

ఫ్లాపీ ఆరింది. పెడదామని భాయ్ డ్రైవు మీది బటన్ నొక్కాడు. అందులోంచి నీలం రంగు ఫ్లాపీ ఒకటి బయటికొచ్చింది.

ఇక్కడ చిన్న పాఠం చెప్పక తప్పదు. ఆ రోజుల్లో కంప్యూటర్ లేచేటప్పుడు ముందు ఫ్లాపీ డ్రైవులోకి తొంగి చూసేది. అక్కడ ఏదన్నా మామూలు ఫ్లాపీ ఉంటే, లేవడానికి కావలసిన ఫైళ్ళు దానిలోనే వెతికి, దొరక్క, డిస్కు మార్చు అని చెప్పి కూర్చునేది. లోపలి డిస్కు దాకా వెళ్ళేదే కాదు. అంటే మెషీన్‌కి ఏ జబ్బూ లేదు. ఆ ఫ్లాపీ తీసి ఏదో ఒకటి నొక్కితే చాలు. అమ్మాయి ఫోన్లో చదివింది కూడా అదే. వద్దని కుర్చీకి కట్టేసింది నేను.

ఆ నీలం ఫ్లాపీ ఆ అమ్మాయిదే. రోజూ సాయంత్రం ఇంటికెళ్ళే ముందు బస్తాల వివరాలన్నీ ఒక ఫ్లాపీలోకి నకలు తీసుకునేదట, మాకెవరికీ చెప్పకుండా. అంతకుముందు రోజు తీశాక బస్సు టైమైపోయిందని అందులోనే మర్చిపోయింది. కొన్ని సాయంత్రాలు కూర్చుని ఏ పనిముట్టు ఉండాలి, ఏది పోవాలి అని కొట్టుకున్నాం కదా, ఏం పోకూడదో దాన్నే రోజూ ఒకచోట తీసిపెట్టుకోమ్మా అని మా ఇద్దరికీ తట్టలేదు. ఆమెకి తట్టింది. తట్టినందుకే ఇప్పుడు ఉద్యోగం మీదికొచ్చింది.

ఆమె ఆ ఫ్లాపీని చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది. ఓనరు గారు గుమ్మంలో నిలబడి ఎవరో రైతుకి సర్దిచెబుతున్నాడు. ఏ కారణానికి ఇంతమంది ఎండలో మాడారో తెలిస్తే ఆయన మాట తప్పే మనిషి కాదు. భాయ్ ఏమీ జరగనట్టు నీలం ఫ్లాపీని చొక్కా జేబులో వేసుకుని, నా వైపు చూశాడు.

జీవితంలో నాకు చేతనైనది ఒకటుంది. దానికి అవకాశం వచ్చింది.

ఎమర్జెన్సీ ఫ్లాపీ పెట్టాను. తోరణం వచ్చింది, నా డిగ్రీ వచ్చింది, పెళ్ళి మేళం మొదలైంది. రైతులు కిటికీ దగ్గరికొచ్చారు. “పెళ్ళెవరిదంట?” అన్నాడొకడు. నేను ఒకటి నొక్కాను, తల పంకించాను. రెండు నొక్కాను, కళ్ళజోడు తుడుచుకున్నాను. అమ్మా, లోపలి మొదటి ఫైళ్ళు దెబ్బతిన్నాయి, వాటిని పునఃప్రతిష్ఠ చేస్తున్నాను, అని గదంతా వినబడేట్టు చెప్పాను. ఫ్లాపీ తీసి మెషీన్ మళ్ళీ వేస్తే, ఏ జబ్బూ లేని ఆ మెషీన్ బుద్ధిగా లేచి కూర్చుంది. మొదటి రైతు పేరు కొట్టగానే అతని బస్తాలు ఏ గదిలో ఉన్నాయో వచ్చింది. మేస్త్రి ముఠాని కేకేశాడు. ఓనరు గారు మాకు మజ్జిగ తెప్పించాడు. ఉప్పు, కరివేపాకు వేసిన మంచి మజ్జిగ. నేను రెండు గ్లాసులు తాగాను, భాయ్ జేబు మీద చెయ్యి తియ్యకుండా ఒకటి తాగాడు.

అలా ఆ అమ్మాయి ఉద్యోగం నిలబడింది. నా తోరణం, నా పాట, నా నటన నిలబెట్టాయి. ఈ ఒక్క ముక్కలో మటుకు నేను పెంచి చెప్పింది ఏమీ లేదు.

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. ఈలోగా మొన్న ఆ అమ్మాయి, ఇప్పుడు అమ్మమ్మ అయింది, మనవడి బారసాలకి పిలవడానికి వచ్చింది. రాసింది చదివి వినిపించాను. మజ్జిగ దాకా నవ్వుతూనే విన్నది. నేను కాగితాలు కింద పెట్టాక అంది:

“మాస్టారండీ, నా ఉద్యోగం నిలబళ్ళేదు.”

“అదేంటమ్మాయ్, ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్కడే చేశావుగా.”

“మీ స్కూటరు గేటు దాటగానే ఓనరు గారు లోపలికొచ్చి, భాయ్ జేబులో వేసుకుందేంటమ్మాయ్ అని అడిగారు. చెప్పేశాను. రేపట్నుంచి రావద్దన్నారు. క్యారేజీ తీసుకుని బస్సెక్కాను. మీకు తెలీదు. మీరెప్పుడడిగారు గనక.”

“మరి?”

“ఆయన బావమరిదిని కూర్చోబెట్టారు నా కుర్చీలో. మెషీన్ బానే ఉంది. బస్తా బయటికెళ్ళినప్పుడల్లా కంప్యూటర్‌లో కొట్టి తీసెయ్యాలని బావమరిదికి తెలీదు. లారీ ఎక్కిపోయిన బస్తాలు గదిలోనే ఉన్నట్టు చూపిస్తా ఉంటే, ముఠావాళ్ళు వెతికి వెతికి ఎవరియ్యో ఒకరియ్యి తెచ్చి ఇచ్చేశారు. రైతులు ఓనరు గారి ఇంటి మీదికెళ్ళారు. అప్పుడు మళ్ళీ రమ్మని అడగడానికి జీపేసుకుని మా ఇంటికొచ్చారు ఓనరు గారు. మా అత్తగారు కుర్చీ కూడా వెయ్యలేదు.”

“అంటే నా ఫ్లాపీ...”

“మీ ఫ్లాపీ నాకేం చెయ్యలేదండీ. ఆ వాక్యమన్నా తీసేయండి, లేకపోతే నన్నన్నా తీసేయండి.”